మీరు దేంట్లో వచ్చినారు సార్?

(సంఘం వార్షిక సభలో చేసిన ఉపన్యాసం)



మమ్మల్ని ఆడపిల్లల తాలీము గురించి మాట్లాడమన్నారు. ఈ వేదిక మీద ఈ విషయమే మేము మాట్లాడడం ఇది నాలుగోసారో, అయిదోసారో. చెప్పిందే చెప్పి మీకు విసుగు పుట్టించే కంటే ఈసారి బస్సు గురించి చెబుతామని కార్యదర్శిగారితో అన్నాము. ఆయన కాసేపు మా ముఖం చూసి, "బస్సులో తాలీము ఏముంది మాస్టర్ సాబ్?" అన్నారు. ఉంది. అది మాకూ ఈ మధ్యనే తెలిసింది.

మేము పుట్టి పెరిగింది హిందూపురంలో. ఇరవై ఏళ్ళుగా అనంతపురంలో ఉర్దూ మీడియం బడిలో పని చేస్తున్నాము. ఇంటి నుండి బడికి స్కూటరు మీద పది నిమిషాలు. వాన వస్తే ఆటో. ఊరికి పోవాలంటే రైలో, ఎక్స్‌ప్రెస్ బస్సో. ముందే సీటు రాయించుకుని కిటికీ పక్కన కూర్చుని పోతాము. ఈ సభలో చాలామంది మా మాదిరివారే. పట్నవాసి కావాలంటే హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉండనక్కరలేదు. అడిగిన వేళకు బండి దొరికే చోట ఉండేవాడు పట్నవాసి అని మా లెక్క.

2023 వేసవిలో సంఘంవారు మమ్మల్ని కనగానపల్లి వైపు పల్లెలకు పంపినారు. బడి మానేసిన ఆడపిల్లల ఇళ్ళకు పోయి, తల్లిదండ్రులతో మాట్లాడి, వజీఫా ఫారాలు ఇచ్చి రావాలి. సభ్యులొకరు పెద్ద మనసుతో తమ కారు, డ్రైవరును ఇచ్చినారు. ఒక పల్లెలో మసీదు ముందర వేపచెట్టు కింద చాపలు పరిచి అందరినీ కూర్చోబెట్టినారు. మాకు మాత్రం కుర్చీ, చల్లని మజ్జిగ. ముప్పావు గంట మాట్లాడినాము. చదువు లేకపోతే ఏమవుతుందో చెప్పినాము. పక్క ఊర్లలో వేరే వాళ్ళ పిల్లలు ఎంత ముందుకు పోయినారో చెప్పినాము. మనవాళ్ళే ఎందుకు ఆడపిల్లలను ఏడో తరగతితో, పదో తరగతితో ఇంట్లో కూర్చోబెడుతున్నారని కాస్త గట్టిగానే అడిగినాము. అంతా తల వంచుకుని విన్నారు. మాకు చాలా తృప్తి కలిగింది.

చివర్లో ఆడవాళ్ళలో నుండి ఒక తల్లి లేచి ఒకే ఒక మాట అడిగింది. "మీరు దేంట్లో వచ్చినారు సార్?" అని.

మేము నవ్వి, "కారులో అమ్మా" అన్నాము. ఆమె "సరే సార్" అని కూర్చుంది. మేహమాన్ సుఖంగా వచ్చినాడో లేదో అని మర్యాదకు అడిగింది కాబోలు అనుకున్నాము. రెండున్నరేళ్ళ పాటు అలాగే అనుకున్నాము.

కనగానపల్లి ఈ సభలో చాలామందికి తెలిసిన ఊరే. ఒకప్పుడు పాళెగాళ్ళు ఏలిన చోటు. ఇప్పుడు మండల కేంద్రం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను చీల్చినప్పుడు అనంతపురం నుండి విడిపోయి శ్రీ సత్యసాయి జిల్లాలో కలిసింది. ఊరికి తూర్పున ధర్మవరం, ఉత్తరాన అనంతపురం. ధర్మవరం పోయే దారిలో 44వ నంబరు జాతీయ రహదారి అడ్డం వస్తుంది. ఆ రోడ్డు మీద హైదరాబాదు నుండి బెంగుళూరు పోయే ఏసీ బస్సులు రాత్రంతా పరుగెత్తుతుంటాయి. ఒక్కొక్కరికి ఒక్కొక్క పడక, దుప్పటి, నీళ్ళ సీసా. వాటికి ఈ పల్లెల్లో పని లేదు.

2025 డిసెంబరులో స్నేహితుల ఇంట నిఖా ఉండి కనగానపల్లికి పోయినాము. మమ్మల్ని తీసుకుపోయిన కారు రాత్రే వెనక్కి వెళ్ళిపోయింది. మాకు పొద్దున్నే ధర్మవరంలో పని. "పొద్దున బస్సుంది సార్, కానీ మీరు దాంట్లో పోలేరు, మోటార్ సైకిల్ మీద దింపుతాము" అన్నారు ఇంటివారు. మేము వద్దన్నాము. బస్సే కదా, దాంట్లో పోలేకపోవడం ఏమిటని.

ఏడున్నర బస్సు ఎనిమిది దాటినాక వచ్చింది. బస్సు ఎవరిది, ఏ డిపోది అన్నది చెప్పము. డ్రైవరు, కండక్టరు ఇద్దరూ మంచివాళ్ళే, వాళ్ళ తప్పు మాకేమీ కనబడలేదు. బస్సు ఆగకముందే కిటికీలలో నుండి తువ్వాళ్ళు, సంచులు, ఒక చంటిపిల్ల టోపీ కూడా లోపలికి పడినాయి. ఏది పడితే ఆ సీటు దానిది. మా చేతిలో తువ్వాలు లేదు. తోసుకుని ఎక్కే అలవాటూ లేదు. ఎలాగో ఫుట్‌బోర్డు మీద కాలు ఆనింది. మిగతా పని వెనకాల ఉన్నవాళ్ళు చేసినారు.

లోపల ఎవరెవరు ఉన్నారో తర్వాత నిదానంగా చూసినాము. నేసిన పట్టుచీర మడిచి గుడ్డసంచిలో పెట్టుకుని ధర్మవరం షావుకారుకు ఇవ్వడానికి పోయే మగ్గం పనివాళ్ళు. ఆసుపత్రి చీటీ పట్టుకున్న ముసలమ్మ. టమోటా బుట్టలు. పాల క్యాన్లు. కాలేజీ పిల్లలు. బెంగుళూరు పోయి గోడల పనిలో చేరడానికి బయలుదేరిన ఒక కుటుంబం, మూటా ముల్లెతో. వాన లేక శెనక్కాయ పంట పోయిన ఏడు మా జిల్లాలో ఈ మూటలు ఎక్కువ కనబడతాయి. యాభై చిల్లర సీట్ల బస్సులో వంద మంది ఉంటారేమో. లెక్కపెట్టడానికి తల తిప్పే చోటు లేదు.

అప్పుడు జరిగిన సంగతి ఇది. కండక్టరు మమ్మల్ని చూసి, "సార్‌కు చోటియ్యండప్పా" అని కేక వేసినాడు. మేము ఎవరో ఆయనకు తెలియదు. ఇస్త్రీ చొక్కా, కళ్ళజోడు, జేబులో పెన్ను, అంతే తెలుసు. మూడో వరసలో ఒక పెద్దాయన, డెబ్బై దగ్గర ఉంటాడు, లేచి నిలబడినాడు. "కూకోండి సార్, నేను ఈడనే దగ్గర్లో దిగుతా" అన్నాడు. మేము "వద్దు వద్దు" అని ఒకసారి అన్నాము. రెండోసారి అనలేదు. కూర్చున్నాము.

మా తాతగారు చెప్పేవారు, రెండో యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరకక బొగ్గు గ్యాసుతో బస్సులు నడిచేవని, వెనకాల పెద్ద పీపా కట్టి నిప్పు రాజేసేవారని. ఆ బస్సుల్లో డ్రైవరు పక్క సీటు కరణంగారికో, రెడ్డిగారికో. వాళ్ళు రాకపోతే ఖాళీగానైనా పోయేది కానీ ఇంకొకరు కూర్చునేవారు కాదట. మేము చిన్నప్పుడు ఆ కథ విని నవ్వేవాళ్ళము. పెద్దాయన లేచి ఇచ్చిన సీటులో మా వీపు ఆనినాక ఆ కథ గుర్తొచ్చింది. గుర్తొచ్చింది కానీ లేవలేదు, ఉన్నమాట చెప్పుకోవాలి.

సీటు దొరికినవాడికి ఒక పని ఉంటుంది, పల్లె బస్సులో పోయినవారికి తెలుసు. నిలబడినవాళ్ళ సంచులు ఒడిలో పెట్టుకోవాలి. అడగరు, పెట్టేస్తారు. మా ఒడిలోకి అయిదు సంచులు, ఒక టిఫిన్ క్యారియరు వచ్చినాయి. మీద సంచి కాలేజీ అమ్మాయిది. నల్ల బుర్ఖా, చేతిలో నోట్సు, ఒక చేత్తో పైన కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. మనవాళ్ళ పిల్లే కదా అని ఉర్దూలో పలకరించినాము. ఏ ఊరు బేటీ అంటే ఊరి పేరు చెప్పింది. కనగానపల్లికి, జాతీయ రహదారికి మధ్య రోడ్డుకు లోపలగా ఉన్న పల్లె. మేము 2023లో వేపచెట్టు కింద ఉపన్యాసం ఇచ్చిన ఊరే.

"మీ ఊరు ఇంకా ముందర కదా వచ్చేది? కనగానపల్లిలో ఎక్కినావే?" అన్నాము.

"మా ఊరి దగ్గర ఆగదు సార్. నిండిపోయి వస్తుంది. ఆగినా కాలు పెట్టే జాగా ఉండదు. అందుకని వెనక్కి నడిచి వచ్చి ఎక్కుతాను."

ఎంత దూరం అంటే, ఫజర్ నమాజు అయినాక అబ్బా తోడు వస్తే బయలుదేరుతానని చెప్పింది. దూరం కిలోమీటర్లలో చెప్పలేదు. కాలేజీ తూర్పున ఉంది. పిల్ల ప్రతిరోజూ తెల్లవారుజామున పడమరకు నడుస్తుంది. మళ్ళీ అదే బస్సులో తన ఊరి ముందర నుండే పోతుంది. మేము చూస్తుండగానే ఆ స్టాపు వచ్చింది. చెట్టు కింద పది పన్నెండు మంది చేతులెత్తినారు. డ్రైవరు వేగం తగ్గించి, చేత్తో లోపలికి చూపించి, పోనిచ్చినాడు. ఆ పిల్ల అటు చూడను కూడా చూడలేదు.

మేము ఊరుకోక ఇంకా అడిగినాము. కాలేజీ గంట ఎప్పుడు? తొమ్మిదిన్నరకు. ఈ బస్సు ఎప్పుడు చేరుతుంది? ఒక్కొక్కరోజు తొమ్మిదింపావు, ఒక్కొక్కరోజు పది. ఆలస్యమైతే? "పూట హాజరు పోతుంది సార్." తర్వాత కాస్త ఆగి, "మీరు సంఘం సార్ కదా. మా అమ్మ మీ మీటింగుకు వచ్చింది. పోయిన ఎండాకాలం మా అబ్బా మీ దగ్గర ఫారం ఇచ్చినాడు" అంది. అంతకు మించి ఏమీ అనలేదు. ఏడవలేదు, నిష్ఠూరమాడలేదు.

పేరు అడిగినాము. ఇక్కడ చెప్పము. కానీ ఆ పేరు వినగానే మాకు ఫారం కళ్ళ ముందుకొచ్చింది. వజీఫా దరఖాస్తులు చూసే ముగ్గురిలో మేమొకరము. మన నియమం ప్రకారం డెబ్బై అయిదు శాతం హాజరు ఉండాలి. ఆమెకు లేదు. మార్కులు బాగున్నాయి. మేము ఎర్ర సిరాతో "హాజరు చాలదు" అని రాసి, కింద సంతకం పెట్టి పక్కన వేసినాము. రెండు నిమిషాలు కూడా పట్టి ఉండదు. ఆ పిల్ల సంచి మా ఒడిలో ఉంది. ధర్మవరం దాకా దాన్ని పట్టుకునే పోయినాము.

జాతీయ రహదారి దాటేచోట బస్సు కాసేపు ఆగింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది, 2019 నుండి కార్లు తయారవుతున్నాయి, ఏడాదికి మూడు లక్షలు తయారు చేయగలదని చెబుతారు. అక్కడి నుండి కొత్త కార్లు మోసుకుపోయే పొడుగు లారీ ఒకటి మా ముందర నుండి పోయింది. పైన నాలుగు, కింద నాలుగు కార్లు. ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న ఒక పిల్లవాడు దాన్ని చూసి, "అన్నీ ఖాళీ సీట్లే కదన్నా!" అన్నాడు. బస్సంతా నవ్వింది. మేమూ నవ్వినాము.

ఉచిత బస్సు మాట కూడా లేచింది. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు కదా. ఒకాయన, నిలబడే ఉన్నాడు పాపం, "ఫ్రీ పెట్టినప్పటి నుంచి ఈ రద్దీ" అని గొణిగినాడు. టమోటా బుట్ట ఆమె వెంటనే, "మీరు నిలబడుకుంటే రద్దీ, మేము నిలబడుకుంటే ఫ్రీనా ఏందన్నా?" అంది. ఆయన మళ్ళీ మాట్లాడలేదు. నిజానికి చదువుకునే ఆడపిల్లలకు పదో తరగతి దాకా ఆర్టీసీ ఉచిత పాసు ఎప్పటి నుండో ఉంది. డబ్బు ఒక్కటే అడ్డమైతే అది చాలావరకు తీరిపోయింది. పాసు చేతిలో ఉంది. కాలు పెట్టే జాగా లేదు. పట్నంలో బస్సు నిండితే ఇంకొకటి వస్తుంది, పది నిమిషాలు చికాకు పడి ఎక్కుతాము. ఇక్కడ తర్వాతి బస్సు అంటే మధ్యాహ్నం.

దగ్గర్లోనే దిగుతానన్న పెద్దాయన ధర్మవరం బస్టాండులో మాతోపాటే దిగినాడు. మోకాళ్ళ మీద చేతులు వేసుకుని మెల్లగా ఒక్కొక్క మెట్టు. మేము ఏదో అనబోతే, "పర్వాలేదు సార్, అలవాటే" అని ఆసుపత్రి వైపు పోయినాడు.

సాయంత్రం తిరుగు ప్రయాణం ఆటోలో. పర్మిట్టు ముగ్గురికి. ఎక్కింది పద్నాలుగు మంది. అందులో కలుపు పనికి పోయి వచ్చే ఆడవాళ్ళే సగం. అక్కడా మాకు లోపలి సీటే దొరికింది. డ్రైవరుకు అటు ఇటు పిల్లలు సగం శరీరం బయట పెట్టి కూర్చున్నారు. బాడుగ మాత్రం అందరికీ ఒకటే.

ఇక్కడ ఒక విషయం జ్ఞాపకం చేయాలి. 2015 జనవరి 7న మడకశిర నుండి పెనుకొండకు వస్తున్న బస్సు లోయలో పడింది. కిక్కిరిసిన బస్సు. పదిమందికి పైగా పోయినారు. వారిలో బడికి, కాలేజీకి పోతున్న పిల్లలు ఎక్కువ. 2022 జూన్ 30న తాడిమర్రి మండలంలో కూలి పనికి పోతున్న ఆడవాళ్ళ ఆటో మీద కరెంటు తీగ తెగి పడి అయిదుగురు తల్లులు కాలిపోయినారు. ఇవి దూరదేశపు వార్తలు కావు. ఒక తల్లి తన కూతురిని పొద్దున్నే ఆ బస్సు ఎక్కించడానికి భయపడితే మనం దానికి ఏ పేరు పెట్టినామో ఆలోచించండి. పాతకాలపు బుద్ధి అన్నాము. పరదా పట్టింపు అన్నాము. అవి లేవని మేము అనడం లేదు. ఉన్నాయి, వాటి మీద మాట్లాడుతూనే ఉందాము. అయితే నలుగురు మగవాళ్ళ మధ్య నలిగి నిలబడి గంట సేపు పోవడం మన ఇంటి పిల్లకైతే మనం ఒప్పుకుంటామా? మా కూతురిని మేము స్కూటరు మీద దింపి వస్తాము. గేటు లోపలికి పోయేదాకా నిలబడి చూస్తాము.

2009లో వచ్చిన విద్యా హక్కు చట్టం కింద రాసుకున్న నియమాలలో అయిదో తరగతి దాకా బడి ఒక కిలోమీటరు లోపల, ఎనిమిదో తరగతి దాకా మూడు కిలోమీటర్ల లోపల ఉండాలని ఉంది. మంచిదే. ఎనిమిదో తరగతితో ఆ చట్టం ఆగిపోతుంది. సరిగ్గా అక్కడి నుండే బస్సు అవసరం మొదలవుతుంది, ఉర్దూ మీడియం పిల్లలకైతే ఇంకా ముందే. మన పిల్లలు ఎక్కడ మానేస్తున్నారో మీ మీ వీధుల్లో లెక్క చూసుకోండి. 2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చినప్పుడు మనమంతా అందులోని చదువుల లెక్కలు, ఉద్యోగాల లెక్కలు పట్టుకుని ఉపన్యాసాలు ఇచ్చినాము, మేమూ ఇచ్చినాము. అదే నివేదికలో మన జనం ఎక్కువగా ఉన్న పల్లెలకు పక్కా రోడ్డు ఉందా, బస్సు స్టాపు ఉందా అని కూడా చూసినారు. ఆ పేజీలు మేము తిప్పేసినాము.

అనంతపురం చేరినాక పోయిన ఏటి దరఖాస్తుల కట్ట విప్పినాము. "హాజరు చాలదు" అని రాసినవన్నీ ఒక పక్క పెట్టి ఊర్ల పేర్లు చదివినాము. హిందూపురం టౌను లేదు, ధర్మవరం టౌను లేదు, అనంతపురం లేదు. ఎక్కువ భాగం రోడ్డుకు లోపలున్న పల్లెలే. అంటే దగ్గర ఉన్నవాళ్ళకు వజీఫా ఇచ్చినాము, దూరం ఉన్నవాళ్ళకు దూరం ఉన్నందుకే ఇవ్వలేదు. సంఘం ఎవరికీ చెడు తలపెట్టలేదు. నియమం రాసిన రోజు మేమూ ఉన్నాము. మా స్కూటరు బయట నిలబెట్టి ఉండింది.

కమిటీవారికి మేము రాసి ఇచ్చినది ఇదే. హాజరు గడి ఉంచండి, దాని పక్కన ఇంకొక గడి పెట్టండి: ఇంటి నుండి ఏ వేళకు బయలుదేరుతారు, ఏ బస్సు, ఎక్కడ ఎక్కుతారు. ఆ గడి చూసిన తర్వాతనే సంతకం పెట్టాలి. పొద్దున ఇంకొక బస్సు నడపమని అర్జీ కూడా తయారు చేసినాము. అది మన సంఘం పేరు మీద ఒక్కటే పోతే లాభం లేదు. ఆ చెట్టు కింద చేతులెత్తినవాళ్ళలో అన్ని కులాలవాళ్ళూ, అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు. టమోటా బుట్ట ఆమె, మగ్గం వాళ్ళు, అందరి వేలిముద్రలూ సంతకాలూ కావాలి. ఆ పల్లెల సర్పంచులను కలవడానికి ఇద్దరు యువకులు ముందుకొచ్చినారు. ఇంకొందరు కావాలి. కార్లు ఉన్నవారు కార్లు ఇస్తామంటున్నారు. వారికి శుక్రియా. అయితే ఈ పనికి మాత్రం బస్సులోనే పోయి రావాలని మా షరతు.

"ఒక్క పిల్ల కోసం నియమం మార్చాలా?" అని నిన్న ఒక పెద్దమనిషి అడిగినారు. ఆయన మీద మాకు గౌరవం ఉంది. ఆ కట్ట ఆయన చేతిలోనే పెట్టినాము. ఇంటికి తీసుకుపోయి చదువుతామన్నారు.

ఇక ముగిస్తాము, కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. నియమాల మార్పు గురించి వచ్చే ఆదివారం ధర్మవరంలో కూర్చుందామని, ఉదయం తొమ్మిది గంటలకు అని నోటీసులో వేసినారు. కనగానపల్లి వైపు పల్లెల నుండి ఆ అమ్మాయి తండ్రితో సహా ఆరుగురిని పిలిచినాము. తొమ్మిదికి చేరే బస్సు వారికి లేదు. దయచేసి పదకొండుకు మార్చండి.

వస్సలాము.